పంపు అమర్చిన ట్రాక్టరు, అవయవి వాదం

1947లో అమెరికాలో ఉత్పత్తి మొదలైన ఫార్మాల్ కబ్ అనే చిన్న ట్రాక్టరు ఇంజనుకు నీటి పంపు లేదు. వేడెక్కిన నీరు తేలికై రేడియేటరు పైభాగానికి చేరి, అక్కడ చల్లారి, బరువెక్కి కిందికి దిగి తిరిగి ఇంజనులో ప్రవేశిస్తుంది. ఈ సహజ ప్రసరణనే థర్మోసైఫన్ అంటారు. ఇది సరిపోదనుకున్న యజమాని పంపు అమర్చి, ఫ్యాను లాగే గాలి రేడియేటరంతటా సాగేందుకు చుట్టూ రేకు తొడుగు బిగిస్తే, అది పాత ట్రాక్టరేనా?

ఇలాంటి ప్రశ్నకు భారతీయ దర్శనాల్లో రెండు వాదాలు కనిపిస్తాయి. అవయవి, అంటే భాగాలకు భిన్నంగా వాటిలో సమవాయ సంబంధంతో ఉండే సమగ్ర వస్తువు, సత్యమని న్యాయ, వైశేషిక దార్శనికులు వాదించారు. కనుకనే ఒక్క భాగం తొలగినా పాత అవయవి నశించి కొత్తది పుడుతుందని, 'ఇది అదే' అన్న గుర్తింపుకు సాజాత్యమే, అంటే ఒకే జాతికి చెందడమే, ఆధారమని వారు అంగీకరించవలసి వచ్చింది. బౌద్ధ గ్రంథమైన మిళింద పన్హలోని భిక్షువు నాగసేనుడి దృష్టిలోనైతే రథం భాగాలను ఆశ్రయించిన వ్యవహారనామం మాత్రమే.

అయితే ఈ రెండు వాదాలూ మార్పుల మధ్య తారతమ్యాన్ని తగినంతగా పట్టించుకోవు. తొడుగు పాత ప్రసరణకు తోడ్పడుతుంది. పంపు ఆ ప్రసరణ స్థానాన్నే ఆక్రమిస్తుంది. సహజ ప్రసరణలో వేడి పెరిగిన కొద్దీ నీటి వేగం పెరుగుతుంది, పంపు మాత్రం ఇంజను వేగాన్నే అనుసరిస్తుంది కనుక, చలి ఉదయాన ఇంజను అతిగా చల్లబడకుండా నీటి దారిని మూసి తెరిచే థర్మోస్టాటును కూడా చేర్చవలసి వస్తుంది.