కోరిక – కృషి: సోమశర్మ తండ్రి కథపై ఒక నైతిక పరిశీలన

‘ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అన్న సామెతకు దగ్గరి చుట్టం పంచతంత్రంలోని సోమశర్మ తండ్రి కథ. ఈ రెండింటినీ సోమరితనంపై హెచ్చరికగా చదవడం పరిపాటి. అయితే అక్కడ తప్పు కల కనడమా, లేక ఆ కలలో ఏదో లోపించడమా అన్న ప్రశ్న మిగిలే ఉంది. దానిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

భిక్షలో దొరికిన పేలపిండిని కుండలో దాచి, పైన వేలాడదీసి, దాని కింద పడుకొన్న బ్రాహ్మణుడు ఊహలల్లుతాడు. కరువు వస్తుంది, పిండికి మంచి ధర పలుకుతుంది. ఆ సొమ్ముతో మేకలు కొంటాడు. అవి ఈని మందవుతాయి. మేకల తరువాత ఆవులు, గేదెలు, గుర్రాలు. ఆపైన బంగారం, ఇల్లు, ఇల్లాలు, సోమశర్మ అనే కొడుకు. పిల్లవాణ్ణి పట్టించుకోలేదని ఊహలోని భార్యను తన్నిన కాలు నిజమైన కుండకు తగులుతుంది.

ఈ కలలోని క్రియలను గమనించాలి. ‘కొంటాను’, ‘అమ్ముతాను’ అన్నవి ఉన్నాయి. ‘మేపుతాను’, ‘కాపలా కాస్తాను’ అన్నవి లేవు. కొనుగోలుకూ అమ్మకానికీ మధ్య జరగవలసిందంతా ‘అవుతుంది’, ‘పెరుగుతుంది’ అనే అకర్మక క్రియలకే వదిలివేయబడింది. మేకకు రోగం రాదు, మేత కరవు కాదు. పైగా లోకానికి వచ్చే కరువే ఇతనికి తొలి పెట్టుబడి. వట్టి కోరిక లోకాన్ని తనకు అనుకూలంగా అమర్చుకొంటుంది. లోకం నుండి ఏమీ నేర్చుకోదు. లోపం కలలో లేదు, ఆ కలకు ఎదురుచెప్పేది ఏదీ లేకపోవడంలో ఉంది.

శ్రమ విలువ ఇక్కడే తెలుస్తుంది. అది ఫలాన్ని ఇచ్చే సాధనం మాత్రమే కాదు, కోరికను సరిదిద్దే గురువు కూడా. మన రంగం నుండే ఒక ఉదాహరణ తీసుకొందాం. 1820లో ఉద్యోగరీత్యా కడప చేరిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ వేమన పద్యాల ప్రతులను సేకరించి, పోల్చి, ఆంగ్లానువాదంతో 1829లో ప్రకటించాడు. ఒకే పద్యానికి భిన్న పాఠాలు ఎదురైనప్పుడు పరిష్కర్తకు తన ఇష్టం చాలదు. ప్రతి ప్రతీ అతని ఊహను ప్రశ్నిస్తుంది. 1852లో వెలువడిన తెలుగు–ఆంగ్ల నిఘంటువు వెనుక కూడా ఇటువంటి దీర్ఘశ్రమే ఉంది.

ఈ వాదానికి రెండు అభ్యంతరాలు ఉన్నాయి. శ్రమించిన వారందరికీ ఫలం దక్కదు. బ్రౌన్‌కు అధికారమూ జీతమూ ఉన్నాయి. అతని వద్ద ప్రతులు రాసిన, పోల్చిన పండితులలో ఎందరి పేర్లు నేడు మనకు గుర్తున్నాయి? రెండవది, కథలోని బ్రాహ్మణుడు బిచ్చమెత్తి బతికేవాడు. కష్టపడలేదు కనుకనే పేదవాడయ్యాడని తీర్పు చెప్పడానికి ఈ కథను వాడుకోవడం అన్యాయం. పేదవాని కలను నవ్వులాటగా మార్చడం నీతి కాదు. కనుక కృషిని ఫలానికి హామీగా కాక, సత్యంతో సంబంధంగా సమర్థించడమే సమంజసం. ఫలం దక్కకపోయినా, మేకలను మేపినవానికి మేకల సంగతి తెలుస్తుంది.

ఈ వివేకం మనకూ వర్తిస్తుంది. 2008లో తెలుగుకు ప్రాచీన భాషా ప్రతిపత్తి లభించింది. ఆ గుర్తింపు వల్ల భాష దానంతట అదే వర్ధిల్లుతుందని ఆశించడం పిండికుండ కింద పడుకోవడమే. భాష ‘వెలుగుతుంది’ అనే వాక్యానికి కర్త భాషే. తాళపత్రాన్ని ‘చదువుతాను’, పాఠాన్ని ‘పరిష్కరిస్తాను’ అనే వాక్యాలకు కర్త పరిశోధకుడు. మొదటి వాక్యం నిజం కావాలంటే రెండవ రకం వాక్యాలు ముందుగా ఆచరణలోకి రావాలి.