శుభలేఖల దుకాణంలో పెళ్లికొడుకు

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దగ్గర ఒక సందులో శుభలేఖల దుకాణం ఉండేది. అందులో ఒక యువకుడు పనిచేసేవాడు. అచ్చుపనిలో అతనికి మంచి పేరు. ప్రూఫు మీద రెండు వైపుల పెద్దవాళ్ళూ సంతకం పెట్టనిదే ఏ కార్డునూ ప్రెస్సుకు పంపేవాడు కాదు. పది రోజుల్లో పెళ్లి ఉందని పరుగెత్తుకొచ్చిన వాళ్ళను కూర్చోబెట్టి, హంగులన్నీ చేయించే వ్యవధి లేదని ఓపిగ్గా చెప్పి, సాదా కార్డు చూపించేవాడు. తొందరలో అచ్చయిన తప్పును ఆ తర్వాత ఎవరూ దిద్దలేరని అతనికి బాగా తెలుసు.

ఆ యువకుడికి చిన్నతనంలో గల్లీ క్రికెట్టులో బంతి తగిలి, పైవరసలో ముందుపన్ను ఒకటి కొస విరిగింది. కొన్నేళ్ళకు లోపలి నరం చచ్చిపోయి ఆ పన్ను బూడిదరంగుకు తిరిగింది. పొద్దునా సాయంత్రం తాగిన ఇరానీ చాయ్ మరకలతో మిగతా పళ్ళు పచ్చబడ్డాయి. నొప్పి లేదు కనుక అతను పట్టించుకోలేదు.

శ్రావణమాసంలో అతనికి పెళ్లి కుదిరి నిశ్చితార్థం జరిగింది. అమ్మాయి వాళ్ళు నాంపల్లి స్టేషన్ వెనుక ఉండేవాళ్ళు. ముహూర్తం మాఘమాసానికి పెట్టారు. ఇద్దరి చేతిలోనూ ఆరు నెలలు ఉన్నాయి.

అమ్మాయి పుట్టింది, ఎనిమిదేళ్ళు వచ్చేదాకా పెరిగింది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఒక ఊళ్ళో. ఆ ప్రాంతపు బోరునీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. అది లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు చిన్నపిల్లలు ఏళ్ళ తరబడి తాగితే, చిగురు లోపల తయారవుతున్న పన్ను పైపొర సరిగా గట్టిపడదు. పన్ను బయటికి వచ్చేసరికే తెల్లని మచ్చలతోనో గోధుమరంగు చారలతోనో వస్తుంది. తర్వాత ఎంత మంచి నీళ్ళు తాగినా ఆ చార పోదు. ఆ ఊళ్ళకు కృష్ణా నీళ్ళు వచ్చాయి గానీ, అప్పటికే ఈ అమ్మాయి పళ్ళు వచ్చేశాయి. బళ్ళో పిల్లలు గారపళ్ళని ఏడిపించారు. అప్పటి నుంచి నవ్వు వస్తే చున్నీ నోటికి అడ్డం పెట్టుకోవడం ఆమెకు అలవాటైంది. నీళ్ళు చేసిన తప్పును ఒక పిల్ల అన్నేళ్ళు తన తప్పులా దాచుకుంది.

నిశ్చితార్థపు ఫోటోలు ఇంటికి వచ్చాయి. ఒక్కదానిలోనూ ఆమె నవ్వు లేదు. ఆ వారంలోనే ఆమె తల్లిని వెంటబెట్టుకుని అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడి డాక్టరమ్మను ఆమె మొదట అడిగింది ధర కాదు. పెళ్లి తేదీ చెప్పి, ఈలోపు ఏది అవుతుందో ఏది కాదో చెప్పమంది.

డాక్టరమ్మ ముందు కాని పని చెప్పింది. పక్కకు తిరిగిన ఒక పన్నును వరసలోకి తేవాలంటే తీగ కట్టాలి, దానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది, పెళ్లిలోపు కుదరదు. అమ్మాయి ఆ ఆశ వదులుకుంది. చారలు కూడా పూర్తిగా పోకపోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. అమ్మాయి దానికీ ఒప్పుకుంది. తర్వాత పని మొదలైంది.

మొదట గట్టిపడిన పాచి తీసి పళ్ళు శుభ్రం చేశారు. వెనుక దవడల్లో రెండు పిప్పిపళ్ళు బయటపడితే వాటిని నింపారు. చిగుళ్ళ వాపు దిగి, తోముకునేటప్పుడు రక్తం రావడం ఆగేదాకా కొన్ని వారాలు ఇంకేమీ చేయలేదు. దసరా దాటాక ముందుపళ్ళ మీది గోధుమ చారలను పలుచని ఆమ్లం కలిసిన ముద్దతో పైపైన రుద్ది తగ్గించారు. ఆ తర్వాత ఆమె పళ్ళ అచ్చు తీసి ట్రేలు తయారుచేయించి, రాత్రిళ్ళు పెట్టుకోవడానికి రంగు తగ్గించే జెల్లు ఇచ్చారు. పళ్ళు జివ్వుమన్న రాత్రి ఆమె పెట్టుకోవడం మానేసి, మర్నాడు మళ్ళీ పెట్టుకుంది. తొందర లేదు కనుక మానగలిగింది. జెల్లు వాడకం అయ్యాక రెండు వారాలు ఊరికే ఆగమన్నారు. రంగు నిలదొక్కుకున్నాక, చార ఇంకా మిగిలిన రెండు పళ్ళకు మాత్రం పంటిరంగు పూత అతికించారు. మార్గశిరం వచ్చేసరికి పని ముగిసింది. పక్కపళ్ళ మీద చిన్న తెల్లమచ్చలు మిగిలాయి. ఆమె అద్దంలో వాటిని చూసుకుంది, చాలనుకుంది.

యువకుడికి ఆ ఆరు నెలలూ ఇతరుల పెళ్లిళ్ళతో గడిచాయి. కార్తీకం, మార్గశిరం ముహూర్తాలకు కార్డులు వేయించాడు. పుష్యంలో పెళ్లిళ్ళు ఉండకపోయినా మాఘమాసపు కార్డులు అప్పుడే ప్రెస్సుకు వెళ్ళాయి. తన శుభలేఖకు మూడు ప్రూఫులు తీయించి, అక్షరం అక్షరం చదివాడు. జనవరి 1న నుమాయిష్ తెరిచాక సాయంత్రాలు ఎగ్జిబిషన్ మైదానంలో దుప్పట్లు, గాజుసామాను కొంటూ తిరిగాడు. పంటి సంగతి పెళ్లికి పన్నెండు రోజుల ముందు, షేర్వాణీ తొడిగి అద్దం ముందు నిలబడి నవ్వినప్పుడు గుర్తొచ్చింది.

ఆ రోజే ఒక పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. డాక్టరు ముందు పళ్ళు శుభ్రం చేయించుకోమన్నాడు. చిగుళ్ళు కుదుటపడాలి, రంగు తగ్గించుకోవాలనుకుంటే అదీ ముందే కావాలి, క్యాప్ ఆఖరున వేద్దాం అన్నాడు. యువకుడు ఆ వ్యవధి లేదన్నాడు. రూట్ కెనాల్ ఒకే పూటలో చేయించుకున్నాడు. చుట్టూ ఉన్న పచ్చటి పళ్ళ రంగుకు సరిపోయేలా ల్యాబులో సిరామిక్ క్యాప్ తయారై అయిదో రోజున వచ్చింది. చక్కగా కలిసిపోయింది. అంతటితో ఆగినా సరిపోయేది.

కానీ బంధువొకడు గంటలో పళ్ళు తెల్లబరిచే చోటు ఉందని చెప్పాడు. యువకుడు అక్కడికి వెళ్ళాడు. క్యాప్ రంగు మారదని అక్కడివాళ్ళు చెప్పారు, కాగితం మీద కూడా రాసి ఉంది. ఇతరుల ప్రూఫుల్లో చుక్క తప్పినా పట్టుకునే మనిషి, తన కాగితం చదవకుండా సంతకం పెట్టాడు. జెల్లు సహజమైన పంటి మీదే పనిచేసింది. పళ్ళన్నీ తెల్లబడ్డాయి. కొత్త క్యాప్ ఒక్కటే పచ్చగా, నట్టనడుమ, అందరికీ కనబడేలా మిగిలింది.

అతను క్యాప్ వేసిన డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. దాన్ని మార్చవచ్చని డాక్టరు చెప్పాడు. అయితే తెల్లబరిచిన కొత్తలో పన్ను తడి ఆరి ఉన్నదానికంటే తెల్లగా కనబడుతుంది, తర్వాత కొంచెం దిగి నిలుస్తుంది. అలా నిలిచేందుకు రెండు వారాలు ఆగాలి. ముహూర్తం అయిదు రోజుల్లో ఉంది. ఆ సాయంత్రం దోస్తులు మొజంజాహి మార్కెట్‌లో ఐస్‌క్రీం తినిపించబోతే, పళ్ళు జివ్వున లాగి ఒక చెంచా కూడా తినలేకపోయాడు. పెళ్లికొడుకుని చేసిన రోజు, రంగు పట్టుకుంటుందన్న భయంతో పులిహోర కూడా ముట్టలేదు.

అంతకుముందే అమ్మాయికీ ఒక చిక్కు వచ్చింది. సంక్రాంతి అరిసె కొరికినప్పుడు పూత అంచు కొంచెం ఊడింది. పెళ్లికి ఇంకా వారాలు ఉండటంతో ఆసుపత్రికి వెళ్ళి ఒక్క పూటలో సరిచేయించుకుంది.

పెళ్లి జరిగింది. తలంబ్రాలప్పుడు అమ్మాయి చేతులు అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. ఆమె తల్లి ఆ నవ్వు చూసి కళ్ళు తుడుచుకుంది. పెళ్లికొడుకు పెదవులు మూసుకునే ఉన్నాడు. అతనికి కోపం వచ్చిందేమోనని అత్తవారు లోలోపల భయపడ్డారు.

ఉగాది దాటాక అమ్మాయి అతన్ని తన డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ పని పళ్ళు శుభ్రం చేయడంతో మొదలైంది. క్యాప్ ఆఖరున మార్చారు. దానికి అతను రెండోసారి డబ్బు కట్టాడు.

ఇద్దరికీ దొరికినవి అవే ఆరు నెలలు. తేడా ఏమిటంటే, అమ్మాయి మొదటి వారంలోనే అడిగిన మాటను అతను చివరి వారాల్లో అడిగాడు, అడిగాక విన్న వరసను కూడా తిరగేశాడు. చిగురు మానడాన్నీ పన్ను రంగు నిలవడాన్నీ డబ్బుతో తొందర పెట్టలేం కనుక, పెళ్లికి పళ్ళు బాగుచేయించుకోవాలనుకునేవాళ్ళు ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెట్టి, జబ్బు ముందు, రంగు తర్వాత, క్యాపులు, పూతలు ఆఖరున వచ్చేలా, శుభలేఖ ప్రూఫు కంటే ముందే డాక్టరు దగ్గర కూర్చోవాలి.