ఉద్వాసన చెప్పాక

వినాయక చవితి పూజలో చాలామంది హడావుడిగా కానిచ్చేసే ఘట్టం ఉద్వాసన. ఆవాహన చేసిన స్వామిని వెళ్లిరమ్మని అక్షతలు వేసి, విగ్రహాన్ని పీట మీద కాస్త కదుపుతారు. శాస్త్రం లెక్కన దైవం అప్పుడే వెళ్లిపోయింది, మిగిలింది మట్టి. మరి ఆ మిగిలినదాని బాధ్యత ఎవరిది? నిమజ్జనం మర్నాడు గ్లౌజులు తొడుక్కుని హైదరాబాద్ చెరువుగట్ల మీదికి వచ్చే కుర్రాళ్ల ముందుండే ప్రశ్న ఇదే. ఇనప చువ్వలు, థర్మకోల్ ముక్కలు, పత్రి మూటలు బయటికి లాగుతూ వాళ్లు చేస్తున్నది సంఘసేవా, పూజలో మిగిలిపోయిన పనా?

పూజలో పనే అనడానికి ఆధారం ఉంది. గుళ్లలో నిర్మాల్యం తీయడం పొద్దున్నే చేసే పనుల్లో ఒకటి. అర్చకులు దాన్నీ సేవగానే చేస్తారు. దేవుడికి పెట్టిన పువ్వు తొక్కకూడదు కాబట్టి ఎవరి కాలూ పడని చోట వేయమన్నారు పెద్దలు. ఊళ్లో చెరువో కాలువో ఉండేది గనక నీళ్లలో వేసేవారు. ఆ గౌరవమే ఇప్పుడు నీళ్లకు చేటయింది. వంతెన మీద స్కూటర్ ఆపి, వాడిన పూలను ప్లాస్టిక్ కవరుతో సహా నదిలోకి విసిరి, చెంపలు వేసుకుని వెళ్లిపోయే భక్తుడికి తాను అపచారం చేశానన్న ఊహే రాదు.

ఆచారానికి ఇంకో దారి లేదా అంటే, ఉంది. తిరుమలలో స్వామికి అలంకరించిన పూలు భక్తులకివ్వరు. వాటిని వేయడానికి గుడిలోపలే పూలబావి ఉంది. అయినా 2021లో తిరుమల తిరుపతి దేవస్థానం తమ ఆలయాల్లో వాడిన పూలతో చేసిన అగరుబత్తీలను ఏడు రకాలుగా అమ్మకానికి పెట్టింది. నిర్మాల్యం నీళ్లలోనే కలవాలన్న పట్టింపు అక్కడే లేనప్పుడు కాలనీ పందిరికి ఎందుకు?

విగ్రహం సంగతి ఇంతకన్నా బరువైనది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ మట్టిలా నీళ్లలో కరిగిపోదు. పైన పూసే రంగుల్లో సీసం, క్రోమియం లాంటివి ఉంటే అవి నీళ్లలోకి దిగుతాయి. కుతుబ్‌షాహీల కాలంలో, 1562 ప్రాంతంలో తవ్విన హుస్సేన్ సాగర్ ఈ భారాన్ని దశాబ్దాలుగా మోస్తోంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో మార్గదర్శకాలను సవరించి ప్లాస్టర్ విగ్రహాలు వద్దంది. 2021లో తెలంగాణ హైకోర్టు వాటిని సాగర్‌లో కలపొద్దంటే, ఆ ఒక్క ఏడాదికి సుప్రీంకోర్టు సడలింపు ఇచ్చింది.

స్వచ్ఛంద కార్యకర్తలకు ఎదురయ్యే మొదటి మాట మాత్రం కోర్టుల గురించి కాదు. "మా పండగలే దొరికాయా మీకు?" అంటారు. దీనికి సీసం, క్రోమియం లెక్కలు చదివితే గొడవ ముదురుతుంది. పూజ తెలిసిన కార్యకర్త వేరే దారిలో వస్తాడు. ఏ పూజకైనా ముందు కలశారాధన చేస్తాం కదా, గంగ మొదలు కావేరి దాకా నదులన్నిటినీ చెంబెడు నీళ్లలోకి పిలుస్తాం కదా అంటాడు. చెంబులోకి వచ్చిన గంగ బకెట్‌లోకి రాదా? జానెడు మట్టి గణపతి బకెట్‌లో రాత్రికి రాత్రి నానిపోతాడు, ఆ నీళ్లు మామిడి మొదట్లో పోయొచ్చు. ఈ వాదనకు పురోహితుడు కూడా అడ్డు చెప్పడం కష్టం. నిమజ్జనాల కోసం జీహెచ్‌ఎంసీ కట్టించిన చిన్న కొలనులకు, అదే బేబీ పాండ్స్‌కు, వెళ్లడం నామోషీ అనుకునేవాళ్లకూ ఇదే జవాబు.

పత్రి దగ్గర ఇంకా పని ఉంది. పూజకు చెప్పిన ఇరవై ఒక్క ఆకుల్లో మాచి, వాకుడు, ఉత్తరేణి చూపించమంటే ఎంతమంది చూపించగలరు? బజారులో పత్రి పేరుతో ఏ కొమ్మ విరిచి ఇచ్చినా కొనుక్కుంటారు. పిల్లల్ని ఖాళీ స్థలాల వెంట తిప్పి ఈ మొక్కల్ని గుర్తుపట్టిస్తే, ఏ ఆకు ఎంత కోయాలో కూడా దానితోపాటే తెలుస్తుంది.

మట్టి అయితే చాలు, అంతా పవిత్రమే అనుకోవడం కూడా తేలిక మాటే. 1954లో మొదలైన ఖైరతాబాద్ గణేశుణ్ని 2022లో తొలిసారి మట్టితో చేశారు, ఎత్తు 50 అడుగులు. మెచ్చుకోవలసిన మార్పే. అయితే అంత విగ్రహం నిలబడాలంటే లోపల ఇనుము ఉండాలి, ఎత్తడానికి క్రేన్ రావాలి, కలపడానికి సాగరే కావాలి. భక్తిని అడుగుల్లో కొలిచే అలవాటు పోనంతవరకు పదార్థం మారినా చెరువుకు దక్కే ఊరట సగమే.

ధూల్‌పేట విగ్రహకారుడి దగ్గర ఈ తర్కాలేవీ పనికిరావు. ప్లాస్టర్ తేలిక, తొందరగా ఆరుతుంది, అచ్చులో పోస్తే ఒకేలా వస్తుంది. మట్టి విగ్రహం ముసురు రోజుల్లో ఆరదు, లారీ కుదుపుకు చెయ్యి విరుగుతుంది. ఆ నష్టం అతనిదే. కాబట్టి అక్కడికి వెళ్లే కార్యకర్తలు ధర్మం కన్నా బేరం మాట్లాడటం మేలు. కాలనీ సంఘాలు ఎండాకాలంలోనే మట్టి విగ్రహాలకు బయానా ఇచ్చేస్తే, వానలు ముదిరేలోగా వాటిని ఆరబెట్టుకునే వ్యవధి అతనికి దొరుకుతుంది.