అనిత్యమని గోడను వదిలేద్దామా?



ఉక్రెయిన్‌లో రాజధాని కీవ్ తర్వాత పెద్ద నగరం ఖార్కివ్. రష్యా సరిహద్దు అక్కడికి 40 కిలోమీటర్లు కూడా ఉండదు. వైద్యం చదవడానికి మన తెలుగు పిల్లలు కూడా ఆ దేశం వెళ్ళారు. 2022 ఫిబ్రవరి 24న రష్యా దండెత్తినప్పుడు వాళ్ళు నేలమాళిగల్లో, మెట్రో స్టేషన్లలో తలదాచుకుని, ఎన్నో కష్టాలు పడి ఇల్లు చేరారు. మన పిల్లలు తిరిగొచ్చారు, మనం ఊపిరి పీల్చుకున్నాం. మరి ఆ ఊరే ఇల్లయినవాళ్ళ సంగతేమిటి?

ఖార్కివ్‌లో సల్తీవ్కా అనే పెద్ద నివాస ప్రాంతం ఉంది. సోవియట్ కాలంలో సామాన్య కుటుంబాల కోసం కట్టిన అపార్ట్‌మెంట్లు అవి. 9 అంతస్తులవి, 16 అంతస్తులవి వరసగా ఉంటాయి. చాలావాటికి ఇటుక గోడలుండవు. ఫ్యాక్టరీలో పోతపోసిన కాంక్రీటు పలకల్ని తెచ్చి, ఒకదాని మీద ఒకటి నిలిపి కట్టారు. యుద్ధం మొదలైన తొలి నెలల్లో ఉత్తర సల్తీవ్కా మీద ఫిరంగి గుండ్లు, రాకెట్లు కురిశాయి. గోడలు ఊడిపోయాయి. ఇళ్ళు మంటల్లో మాడిపోయాయి. కిటికీ అద్దాలకైతే లెక్కే లేదు.

దాడులు కాస్త తగ్గగానే మరమ్మతులు మొదలయ్యాయి. శిథిలాలు ఎత్తారు. కిటికీలకు చెక్క పలకలు కొట్టారు. ఇంజనీర్లు వచ్చి ఏ భవనం నిలుస్తుందో, దేన్ని కూల్చక తప్పదో చూశారు. అయితే యుద్ధం ఆగలేదు. 2024లోనూ ఆ నగరం మీద బాంబులు పడ్డాయి.

ఇక్కడే ఒక ప్రశ్న వస్తుంది. రేపు మళ్ళీ కూలిపోయే గోడను ఇవాళ ఎందుకు కట్టాలి? మనలోనే ఎవరైనా ఇలా అనొచ్చు: "అంతా అనిత్యమని తథాగతుడే చెప్పాడు కదా. ఇంటి మీద మమకారమే దుఃఖానికి మూలం. పోనివ్వాలి." వినడానికి ఇది ధమ్మంలాగానే ఉంటుంది. ధమ్మం అవునో కాదో మీరే ఆలోచించండి.

అనిత్యం అంటే ఏమిటి? ప్రతిదీ కారణాల మీద ఆధారపడి పుడుతుంది, నిలుస్తుంది, పోతుంది అని. కారణాలు మారితే ఫలితం మారుతుంది. ఖార్కివ్ చలికాలంలో నీళ్ళు గడ్డకడతాయి. అక్కడి అపార్ట్‌మెంట్లకు వెచ్చదనం వేడినీటి గొట్టాల ద్వారా వస్తుంది. ఆ గొట్టాలు కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా ఇంటింటి గుండా పోతాయి. ఒక ఇంట్లో కిటికీ పగిలి, వేడి కూడా ఆగిపోతే, ఆ ఇంట్లో గొట్టంలో నీళ్ళు గడ్డకట్టి అది పగులుతుంది. అప్పుడు దెబ్బ తగలని ఇళ్ళు కూడా చలిలో పడతాయి. అదే చలి రాకముందు ఒక చెక్క పలక కొట్టి, గొట్టం బాగుచేస్తే? ఆ చలికాలానికి ఒక ముసలమ్మ తన గదిలో ఉండగలుగుతుంది. ఆ చెక్క పలకా అనిత్యమే. కానీ ఆ చలి రాత్రి ఆమె వణక్కుండా ఉండటం చిన్న సంగతా? గోడలు శాశ్వతమైతే మేస్త్రీతో పనే లేదు. అనిత్యం కాబట్టే మరమ్మతు ధమ్మం అవుతుంది.

వినయ పిటకంలో ఒక ఘటన ఉంది. వైశాలిలో ఒక పేద దర్జీ భిక్షువుల కోసం విహారం కట్టాలనుకున్నాడు. తానే మట్టి తొక్కాడు, ఇటుకలు పేర్చాడు, గోడ లేపాడు. పని రానివాడు కావడంతో గోడ వంకరగా వచ్చి కూలింది. రెండోసారీ కూలింది, మూడోసారీ కూలింది. అతడు నొచ్చుకున్నాడు: దానాలిచ్చే వాళ్ళకైతే ఈ శ్రమణులు సలహాలు చెబుతారు, నేను పేదవాణ్ణి కనుక నాకు చెప్పే దిక్కులేదు అని. ఆ మాట బుద్ధుని చెవిన పడింది. గోడలన్నీ కూలేవేగా అని ఆయన అనలేదు. కట్టడం పని చూసుకునే బాధ్యతను ఒక భిక్షువుకు అప్పగించవచ్చన్నాడు. పని త్వరగా పూర్తయ్యేలా ఆ భిక్షువు శ్రద్ధ పెట్టాలి, విరిగినదాన్నీ పగిలినదాన్నీ బాగుచెయ్యాలి అని నియమం పెట్టాడు. అనిత్యం బోధించిన శాస్తే మరమ్మతును సంఘం బాధ్యత చేశాడు. అదీ ఒక పేదవాడి ఫిర్యాదు విని!

ఇంకో మాట కూడా వినబడుతుంది: "వాళ్ళ కర్మ అలా ఉంది." మిత్రులారా, ఈ మాట మనకు బాగా తెలుసు. మన తాతముత్తాతల్ని వెలివాడల్లో ఉంచినప్పుడు చెప్పిన కారణమూ ఇదే. పోయిన జన్మ పాపం ఈ జన్మలో అనుభవిస్తున్నారనే వాదాన్ని బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో తిరస్కరించారు. సల్తీవ్కాలో ఇల్లు కూలింది అక్కడి వాళ్ళ పూర్వజన్మ వల్ల కాదు. మనుషులు నిర్ణయం తీసుకున్నారు, మనుషులు పేల్చారు. మనుషులు చేసినదానికి మనుషులే జవాబు చెప్పాలి.

మరి బాగుచేస్తే నేరం మాసిపోదా? మాసిపోకూడదు. ముందు ఫోటో తియ్యాలి, నష్టం రాయాలి, ఆ తర్వాతే సున్నం వెయ్యాలి. 2023లో యూరప్ మండలి ఆధ్వర్యంలో ఉక్రెయిన్ నష్టాల రిజిస్టర్ ఏర్పాటైంది. దాని కార్యాలయం హేగ్ నగరంలో ఉంది. మైత్రి అంటే పగ పెంచుకోకపోవడం. జరిగినదాన్ని మరిచిపొమ్మని అర్థం కాదు. రోహిణీ నది నీళ్ళ కోసం శాక్యులు కోలియుల మీద యుద్ధానికి సిద్ధమైనప్పుడు సిద్ధార్థుడు ఒప్పుకోలేదనీ, అందుకే ఇల్లు విడిచాడనీ బాబాసాహెబ్ రాశారు. యుద్ధాన్ని ఆపడానికి సొంత ఇల్లు వదులుకున్నవాడి బిడ్డలం మనం. యుద్ధంలో ఇల్లు పోయినవాళ్ళను చూసి "పోనివ్వండి" అనగలమా? తన ఇల్లు తాను వదులుకోవడం త్యాగం. ఎదుటివాడి ఇల్లు పోతే పట్టించుకోకపోవడం నిర్దయ.

ఆ పలకల భవనాలు ఇంకో పాఠం కూడా చెబుతాయి. వాటిలో గోడలే బరువు మోస్తాయి. మూడో అంతస్తులో ఒక పలక విరిగితే తొమ్మిదో అంతస్తుకు ప్రమాదం. అక్కడ ఫ్లాటు ఎవరికి వాళ్ళదే, కానీ పైకప్పు, మెట్లు, గొట్టాలు అందరివీ. నా ఫ్లాటు ఒక్కటే బాగుచేసుకుంటానంటే కుదరదు. ప్రతీత్య సముత్పాదాన్ని ఇంతకంటే తేలిగ్గా ఎవరు చెప్పగలరు? అక్కడి ప్రభుత్వం 2023లో ఫోన్ యాప్ ద్వారా మరమ్మతు పరిహారానికి దరఖాస్తు పెట్టుకునే ఏర్పాటు చేసింది. మంచిదే. అయితే ఇలాంటి పథకం ఏ దేశంలో వచ్చినా వైశాలి దర్జీని గుర్తు చేసుకోవాలి. కాగితాలు కాలిపోయినవాళ్ళకు, ఫోన్ వాడటం రాని ముసలివాళ్ళకు పక్కన కూర్చుని దారి చెప్పేది ఎవరు? సాయం అడగడం చేతకానివాడి దగ్గరికి సాయం వెళ్ళాలి.

ఉపాసకులారా, ఉపాసికలారా! ఖార్కివ్ మనకు దూరమే. కానీ గాలివానకో, మంటలకో, మనుషుల దౌర్జన్యానికో కూలిన గోడ మన వాడలోనూ కనిపిస్తుంది. అప్పుడు అనిత్యం గురించి ఉపన్యాసం చెప్పకండి. ముందు అక్కడికి వెళ్ళండి. నష్టం రాయించండి. దరఖాస్తు నింపి పెట్టండి. పని తెలిసిన మేస్త్రీని పిలవండి, తట్ట మీరు మొయ్యండి. ఆ గోడ ఎన్నాళ్ళుంటుందో మనకు తెలియదు. దాని వెనక ఈ రాత్రి ఒక మనిషి నిద్రపోవాలి, అది మాత్రం తెలుసు.

నమో బుద్ధాయ! జై భీమ్!