వేలమునకు వచ్చిన ఇల్లు – ఒక ధర్మసందేహము

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ధనుర్మాసమున గోదావరిఖనిలో తిరుప్పావై ప్రవచనము ముగిసినది. భక్తులు తీర్థప్రసాదములు స్వీకరించి ఇండ్లకు మరలుచుండిరి. ఒక పెద్దాయన మాత్రము మంటపములోని స్తంభము చెంతనే నిలిచియుండెను. ముప్పది యేండ్లకు పైగా భూగర్భ గనిలో పనిచేసి ఆ యేడే పదవీవిరమణ చేసినవాడు. ఒక చేతిలో పులిహోర దొన్నె, మరియొక చేతిలో మడిచిన వార్తాపత్రిక ఉండెను. "అయ్యగారూ! ఒక్క సందేహము. వేలములో ఇల్లు కొన్నచో పాపమా?" అని యడిగెను.

పత్రికలో ఒక బ్యాంకువారి వేలము ప్రకటన కలదు. తాకట్టు పెట్టిన ఇంటి హద్దులు, రావలసిన బాకీ, కనీస ధర, వేలము తేదీ అందులో ముద్రింపబడియుండెను. ఆయనకు కంపెనీ క్వార్టరు ఖాళీ చేయవలసిన సమయము వచ్చినది. గ్రాట్యుటీ సొమ్ము చేతికందినది. ఆ సొమ్ముతో అందుబాటులోనున్న ఇల్లు అది. అయితే ఆ ఇంటి యజమాని ఆయనతో ఒకే షిఫ్టులో పనిచేసినవాడు. కుమారుని వ్యాపారము నిమిత్తము ఇంటిని తాకట్టు పెట్టి, హామీపత్రముపై సంతకము చేసియుండెను. వ్యాపారము నష్టపోయినది, ఇల్లు వేలమునకు వచ్చినది.

"అంతే అయితే అడుగను, స్వామీ! ఒకనాడు గనిలో పైకప్పు పెళ్ల కూలి నా కాలు ఇరుక్కొన్నది. అందరు వెనుకకు ఉరికిరి. ముందుకు వచ్చి నన్ను లాగినవాడు అతడే" అని చెప్పి ఆయన ఊరకుండెను.

ఆనాడు నాకు తోచిన నాలుగు మాటలు చెప్పితిని. తరువాత ఆ ప్రశ్న నన్ను విడువలేదు. ఇది ఒక్కరి ప్రశ్న కాదు. నేడు అనేక గృహములలో ఋణపత్రములున్నవి. దినపత్రికలలో ఇట్టి ప్రకటనలు తరచు కనబడుచున్నవి. ఋణము తీసుకొన్నవాని ధర్మమేమి? ఇచ్చినవాని ధర్మమేమి? వేలములో కొన్నవాని ధర్మమేమి? ఈ మూడింటిని విచారింతము.

గోదావరీ తీరమున రామగుండము, గోదావరిఖని ప్రాంతము వ్యవసాయముపై గాక నెల జీతముపై పెరిగినది. 1871లో ఇల్లెందు ప్రాంతమున బొగ్గు నిక్షేపములు గుర్తింపబడినవి. 1920లో సింగరేణి కంపెనీ ఏర్పడినది. నేడు అందులో రాష్ట్ర ప్రభుత్వమునకు 51 శాతము, కేంద్రమునకు 49 శాతము వాటాలు కలవు. బొగ్గు చెంతనే విద్యుత్కేంద్రములు వెలసినవి. ఎరువుల కర్మాగారము 1980లో ఉత్పత్తి ప్రారంభించి, 1999లో మూతపడి, మరల కొత్త సంస్థగా 2021లో పనిచేయ నారంభించినది. జీతము వచ్చినంతకాలము అప్పు పుట్టును. గని మూతపడినను, ఆరోగ్యము చెడినను, విరమణ వయస్సు వచ్చినను జీతమాగును గాని వాయిదా ఆగదు. బ్యాంకు వాయిదా కట్టుటకై గిరిగిరి వడ్డీ వ్యాపారికి పాసుపుస్తకము, ఏటీఎం కార్డు అప్పగించిన కార్మికుల కథలు ఈ బొగ్గు ప్రాంతమునకు కొత్త కాదు. నిప్పును ఆర్పుటకు నేయి పోసినట్లే అది.

ముందుగా నేటి న్యాయము ఏమి చెప్పుచున్నదో తెలిసికొనుట మంచిది. 2002లో సర్ఫేసీ చట్టము వచ్చినది. దానిచే, తాకట్టు ఆస్తిని సివిలు కోర్టుకు పోకయే స్వాధీనపరచుకొని విక్రయించు అధికారము బ్యాంకులకు లభించినది. వాయిదా 90 దినములు మీరినచో ఆ ఖాతాను నిరర్థక ఆస్తిగా పరిగణింతురు. అటుపై 60 దినముల గడువుతో నోటీసు పంపవలెను. ఋణగ్రహీత తన అభ్యంతరములు వ్రాసి పంపినచో 15 దినములలో బ్యాంకు సమాధానమీయవలెను. గడువు దాటిన పిదప స్వాధీనము, దాని ప్రకటన, పిదప వేలము. ప్రకటనలు రెండు పత్రికలలో రావలెను. అందొకటి స్థానిక భాషలో ఉండవలెను. అన్యాయము జరిగినదని తలచినవారు స్వాధీన చర్య జరిగిన 45 దినములలో ఋణ వసూళ్ల ట్రిబ్యునలును ఆశ్రయింపవచ్చును. అట్లు ఆశ్రయించుటకు ముందుగా బాకీలో 75 శాతము జమ చేయవలెనను నిబంధనను 2004లో సుప్రీంకోర్టు కొట్టివేసినది. వ్యవసాయ భూమికి, లక్ష రూపాయలకు మించని బాకీకి ఈ చట్టము వర్తింపదు. వేలము ప్రకటన వెలువడుటకు ముందే బాకీ సమస్తము చెల్లించినవాడు తన ఆస్తిని విడిపించుకొనవచ్చును. వేలములో వచ్చిన సొమ్ము బాకీకి, ఖర్చులకు పోగా మిగిలినచో, ఆ మిగులు పొందుటకు అర్హులైన ఇతరులు లేనపుడు అది ఇంటివానికే చెందును.

మన ధర్మశాస్త్రములకు సైతము ఈ విషయము కొత్త కాదు. తాకట్టును స్మృతులు 'ఆధి' అనినవి. అసలు రెట్టింపైనను విడిపించుకొననిచో ఆధి చేజారునని యాజ్ఞవల్క్య స్మృతి చెప్పినది. అయితే పంట, ఫలము అనుభవించుటకై ఇచ్చిన ఆధి అట్లు నశింపదని కూడ అదే స్మృతి చెప్పినది. ఒకేసారి వసూలుచేయు వడ్డీ అసలును మించరాదని మనుస్మృతి శాసించినది. నేటి బ్యాంకు లెక్కలు ఈ సూత్రముపై నడువవు. అయినను ఆ మాటలలోని తాత్పర్యము గ్రహింపదగినది. ఋణదాతకు హక్కు కలదు. ఆ హక్కుకు ఒక హద్దు కూడ కలదు.

ఇక భక్తులలో కొందరికి గల ఒక భ్రమను తొలగింపవలసియున్నది. ముకుందుని శరణుజొచ్చినవాడు దేవతలకు, ఋషులకు, పితరులకు, మనుష్యులకు ఋణపడియుండడని భాగవతము ఏకాదశ స్కంధమున చెప్పబడినది. "భగవంతుని శరణుపొందిన నాకు బ్యాంకు అప్పు ఎక్కడిది?" అని హాస్యమునకు అనువారు కలరు, హాస్యము కాక అనువారును కలరు. అచట చెప్పబడిన ఋణము జన్మతో వచ్చినది. ఇది మనము కోరి, సంతకము చేసి తెచ్చుకొన్నది. ఆ ధనము పరులది. బ్యాంకులోని సొమ్ము బ్యాంకు మేనేజరుది కాదు. గనిలో చెమటోడ్చి, విరమణ సొమ్మును డిపాజిటు చేసికొన్న కార్మికునిది. బిడ్డ పెండ్లికై దాచుకొన్న తల్లిది. శరణాగతి పేరుతో వారి సొమ్మును ఎగవేయుట భక్తి కాదు.

దీనికి గోదావరి తీరముననే గొప్ప నిదర్శనము కలదు. భద్రాచలమున శ్రీరామునకు ఆలయము కట్టించిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీలుదారు. ప్రభుత్వమునకు చేరవలసిన శిస్తు సొమ్ము ఆలయమునకు వ్యయమైనది. తానీషా కాలమున గోపన్న గోల్కొండ కోటలో బందీయయ్యెను. పిదప రామలక్ష్మణులు సేవకుల రూపమున వచ్చి ఆరు లక్షలు చెల్లించిరని సంప్రదాయము. ఇచట గమనింపవలసినది ఒకటి కలదు. స్వామి తలచినచో చెరసాల తలుపులు తెరువలేడా? లెక్కల పుస్తకములను మాయము చేయలేడా? అట్లు చేయలేదు. బాకీ పూర్తిగా చెల్లించెను, రసీదు వ్రాయించుకొనెను, ఆ రసీదును భక్తుని తలాపున ఉంచెను. సొమ్ము పుణ్యకార్యమునకే వ్యయమైనను అది ప్రభుత్వమునకు చెందినది కనుక తిరిగి చేరవలెనని స్వామియే మనకు చూపెను. భక్తవాత్సల్యమునకును రసీదు అవసరమైనది!

అయితే ఋణగ్రస్తుడు నీచుడా? కానేకాడు. శ్రీనివాసుడు తన కల్యాణమునకై కుబేరుని వద్ద ఋణము తీసికొని, బ్రహ్మరుద్రులు సాక్షులుగా పత్రము వ్రాసియిచ్చినట్లు వేంకటాచల మాహాత్మ్య కథ. వడ్డికాసులవాడను పేరును ఆ స్వామి సిగ్గుపడక ధరించియున్నాడు. అప్పు చేసి పప్పుకూడు తిన్నవాడు వేరు. బిడ్డ బ్రతుకుతెరువుకై అప్పుచేసి, కాలము కలిసిరాక నష్టపోయినవాడు వేరు. చెల్లించు శక్తి యుండియు ఎగవేయువానిని, చెల్లించు కోరిక యుండియు శక్తి లేనివానిని ఒకే గాటకట్టి చూచుట అధర్మము. వేలము ప్రకటనలో ఇద్దరి పేర్లు ఒకే అక్షరములతో ముద్రితములగును. చదువు మనము ఆ భేదమును మరువరాదు.

ఋణదాత ధర్మమును చట్టము కొంత చెప్పినది. మిగిలినది మనస్సాక్షి చెప్పవలెను. ఇచ్చునాడు వాని ఆదాయమును నిజముగా విచారించుట. గడువులను, హామీదారుని బాధ్యతను వానికి తెలియు భాషలో చెప్పుట. ఒక్క వాయిదా తప్పినపుడే పిలిచి మాటాడుట. ఆస్తిని తక్కువ ధరకు తెగనమ్మకుండుట. ఇవి దయ కాదు, ధర్మమే. 1872 నాటి ఒప్పంద చట్టము ప్రకారము, ఒప్పందములో వేరుగా వ్రాసికొననిచో, హామీదారుని బాధ్యత ఋణగ్రహీత బాధ్యతతో సమానమైనది. "ఊరకే సాక్షి సంతకము" అని నమ్మించి ముసలి తండ్రిచే సంతకము చేయించుట, చేయించినవాడు కుమారుడైనను, మోసమే.

ఇక కొనువాని మాట. వేలములో కొనుట తనంతట తాను పాపము కాదు. ఎవరును కొననిచో వడ్డీ పెరుగును, బాకీ పెరుగును. ఇంటివానికి మిగులవలసిన నాలుగు రూకలును మిగులవు. న్యాయమైన ధర పలికినవాడు ఒక విధముగా ఋణగ్రస్తునికి మేలు చేసినవాడే. పాపము ఎచట కలుగును? పాటదారులు కుమ్మక్కై ధరను అణచినచో అచట కలుగును. పొరుగువాని పతనమునకై ఎదురుచూచినచో కలుగును. ఇల్లు ఖాళీ చేయించునపుడు ఆ గృహిణిని నలుగురిలో అవమానించినచో కలుగును.

భాగవతమున బలిచక్రవర్తి కథను స్మరింపుడు. మూడడుగులిచ్చెదనని మాట యిచ్చినాడు. శుక్రాచార్యుడు మాట తప్పుమనినను తప్పలేదు. రెండడుగులతో సమస్తము పోయినది. మూడవ యడుగునకు తన శిరస్సునే చూపినాడు. వామనుడు తనకు రావలసినదానిలో ఒక్క యడుగైనను తగ్గించుకొనలేదు. కాని అంతటితో వెడలిపోలేదు. బలికి నివసించుటకు సుతలము నిచ్చెను; ఆ వాకిట తానే కావలి నిలిచెను. పుచ్చుకొన్నవాడే ద్వారపాలకుడాయెను! తీసికొను హక్కు కలవానికి, తీసికొన్న పిదప కూడ ఒక బాధ్యత మిగిలియుండునని ఈ కథ మనకు బోధించుచున్నది.

ఆనాడు ఆ పెద్దాయనతో నేను చెప్పినది ఇంతే: "కొనుట పాపము కాదు. కాని మీకు అతనితో పత్రము లేని ఋణమొకటి కలదు. అందువలన చాటున కొనవలదు. ముందు అతని ఇంటికి పోయి, ఎదుట కూర్చుండి అడుగుడు. అతడు సరేయన్నచో న్యాయమైన ధర పాడుడు. కొన్న పిదప వారికి వేరొక గూడు దొరకువరకు గడువిండు."

ఆయన పోయెను. ఆ మిత్రుడు ఆనాడు నోరు విప్పలేదట; ఇంటి ఇల్లాలు మాత్రము మంచినీళ్లు తెచ్చియిచ్చినదట. ఆ మంచినీళ్లు త్రాగిన పిదప వేలములో పాడుటకు తనకు మనసొప్పలేదని ఆయన తరువాత నాతో చెప్పెను. ఇల్లు వేరెవరో కొనిరి. ఈయన మరియొక వాడలో అద్దెకు ఇల్లు తీసికొని, అందులో ముందరి రెండు గదులు ఆ కుటుంబమునకు ఇచ్చెను. కొన్ని మాసములు వారచటనే ఉండిరి. "నేను చేసినది సరియేనా, అయ్యగారూ? నేటికిని సొంత ఇల్లు లేదు" అని నవ్వుచు అడిగెను. నేనేమి చెప్పగలను? నేను చెప్పిన ధర్మము కొనుటకు అనుమతించినది. ఆయన పాటించినది దానికి ఒక మెట్టు పైది. కొనియుండినను నేను తప్పుపట్టియుండను; కొననందుకు మాత్రము చేతులెత్తి నమస్కరించితిని.

గృహస్థులకు ఒక్క విన్నపము. నివసించు ఇంటిని తాకట్టు పెట్టుటకు ముందు ఇంటిల్లిపాది కూర్చుండి మాటాడుడు. ముఖ్యముగా గృహలక్ష్మికి తెలియకుండ సంతకము చేయవలదు. బ్యాంకు నుండి నోటీసు వచ్చినచో దానిని దేవుని పటము వెనుక దాచవలదు. పటము ముందుంచి నమస్కరించి, ఆ మరునాడే బ్యాంకునకు పోయి మాటాడుడు. 60 దినముల గడువు ప్రార్థనకు మాత్రమే గాక ప్రయత్నమునకు కూడ ఇయ్యబడినది. పొరుగింటిపై నోటీసు అంటించినపుడు దానిని చదువుటకు గుంపుగా నిలువవలదు. వీలైనచో ఆ యింటిలోనికి పోయి ఒక్క మాట పలుకరింపుడు.

పత్రము గల ఋణము తీరినపుడు రసీదు వచ్చును. పత్రము లేని ఋణమునకు రసీదిచ్చువాడు సర్వసాక్షియైన శ్రీనివాసుడొక్కడే. ఆ రెండు ఋణములను మరువని బుద్ధిని ఆ స్వామి మనకందరకును ప్రసాదించుగాక!