ప్రకటనలోని సీమంతము

మా చిన్నతనములో దివిసీమ గ్రామములకు మలారము భుజాన వేసికొని గాజుల సాయిబు వచ్చెడివాడు. ఇంటిలో చూలాలు ఉన్నదని తెలిసిన నాడు ఆయనకే కబురు వెళ్ళెడిది. మెడలో ఇష్టలింగము ధరించిన మా ఇంటి ఆడపడుచులు వాకిట పీటపై కూర్చుండి ఆయన చేతికి తమ చేయి అందించెడివారు. గాజులు తొడుగుట ముగిసిన పిమ్మట మా నాయనమ్మ చేటెడు బియ్యము, తాంబూలము ఇచ్చి, "సుఖప్రసవము కావలెనని దీవించు, సాయిబూ" అని అడిగెడిది. అది ధర్మభంగమని అవనిగడ్డలో ఎవరైనను అనగా నేను వినలేదు.

2020 అక్టోబరులో ఒక నగల ప్రకటనపై దేశమంతట రేగిన ఆగ్రహమును గూర్చి చదివినపుడు ఆ సాయిబు నాకు గుర్తుకు వచ్చినాడు. తనిష్క్ సంస్థ 'ఏకత్వం' అను పేరుతో విడుదల చేసిన ఆ ప్రకటన నిమిషమైనను లేదు. హిందువైన కోడలికి ముసల్మాను అత్తగారు కోడలి పుట్టింటి పద్ధతిలో సీమంతము జరిపించును. మీ ఇంట ఈ ఆచారము లేదు కదా అని కోడలు అడుగును. ఆడబిడ్డను సంతోషముగా ఉంచు ఆచారము ఏ ఇంట లేదని అత్తగారు బదులు పలుకును. ఇంతే విషయము. దీనికే బహిష్కారపు పిలుపులు, బెదిరింపులు వచ్చినవి. 13వ తేదీ నాటికి సంస్థ ప్రకటనను ఉపసంహరించుకొన్నది. నొచ్చిన మనోభావములతోపాటు ఉద్యోగుల, దుకాణ సిబ్బంది క్షేమమును కూడ కారణముగా చెప్పినది. గుజరాతులోని గాంధీధామ్‌లో ఒక దుకాణము తలుపుకు క్షమాపణ పత్రము అంటించవలసి వచ్చినది. ప్రకటనల ప్రమాణములను పరిశీలించు మండలి మాత్రము ఇందులో నియమోల్లంఘన ఏదియు లేదని తేల్చినది.

అంతకుముందు 2019లో హోలీ సందర్భమున వచ్చిన సర్ఫ్ ఎక్సెల్ సబ్బుపొడి ప్రకటనకును ఇదే గతి పట్టినది. నమాజుకు పోవు పిల్లవాని తెల్లబట్టలు పాడుకాకుండ ఒక బాలిక రంగులన్నిటిని తన మీదనే చల్లించుకొనుట అందులోని కథ. కోపము ఎంత గ్రుడ్డిదనగా, కొందరు పేరులోని పోలికను చూచి, సబ్బుతో ఏ సంబంధమును లేని మైక్రోసాఫ్ట్ ఎక్సెల్‌ను నిందించినారు.

ఇక మన మాట. వర్తకుడు సామరస్యమును చూపునది బంగారము అమ్ముకొనుటకే గదా అనువారున్నారు. నిజమే. శరణులు బంగారమును ఎన్నడును నమ్మలేదు. మనము మాత్రము ఎందుకు నమ్మవలెను? పెండ్లికి చిలకలపూడి రోల్డుగోల్డు చాలునని నేను మా ఇంటిలో చెప్పి మాట పడినవాడనే. అయితే ఆనాడు కోపించినవారు సరుకును తప్పుపట్టలేదు, ధరను తప్పుపట్టలేదు. వారికి నచ్చనిది ఆ అత్తగారు.

మరియొక ఆక్షేపణ ఇంతకంటె బరువైనది. ఎల్లప్పుడు మన పిల్లయే వారి ఇంటికి పోవునట్లు చూపనేల, వారి పిల్ల మన ఇంటికి వచ్చినట్లు చూపరాదా అని. ఇది అడుగదగిన ప్రశ్నయే. కాని దీనిని అడుగుటకు దుకాణములో నిలబడి జీతమునకు పనిచేయు మనిషిని బెదిరింపవలసిన పని లేదు. కాయకమును పూజగా ఎంచిన మతము మనది. పనిలో ఉన్నవానిని భయపెట్టుట పూజలో ఉన్నవానిని భయపెట్టుటయే.

ఇచట కల్యాణ వృత్తాంతము ఎవరికైనను స్ఫురించును. 12వ శతాబ్దిలో హరళయ్య కుమారునికి మధువరసు కుమార్తెనిచ్చి వివాహము జరిపినారనియు, ఆ కారణమున బిజ్జలుడు ఆ ఇరువురు తండ్రులను క్రూరముగా శిక్షించినాడనియు శరణ సంప్రదాయము చెప్పును. చర్మకారుని ఇంటికి బ్రాహ్మణ వంశపు పిల్ల కోడలగుట నాటి పెద్దలకు సహింపరానిదైనది. అయితే ఈ పోలికను అతిగా లాగరాదు. ఆ ఇరు కుటుంబములును లింగధారులే. దీక్షతో కులము పోయినదని బసవేశ్వరుని నిశ్చయము. అది మతాంతర వివాహము కాదు. కావున కల్యాణమును చూపి ఈ ప్రకటనలోని పెండ్లికి మన సమ్మతి ఉన్నదని నేను అనను. పోలిక కోపించినవారిలోనే ఉన్నది. కోడలు ఆ ఇంట సుఖముగా ఉన్నదా అని ఆనాడు ఎవరును అడుగలేదు, ఈనాడును అడుగలేదు.

మన పిల్ల అన్యమతస్థుని పెండ్లాడినదని తెలిసిన తల్లికి మొట్టమొదట కలుగు భయమేమి? మెడలో లింగము ఉండనిత్తురా, తీయింతురా? ఉదయము లింగపూజకు ఒక మూల చోటిత్తురా? ఆ ప్రకటనలోని అత్తగారు ఈ భయమునకే సమాధానము చెప్పినది. కోడలిని తన ఆచారములోనికి లాగికొనలేదు. కోడలి ఆచారమును తన ఇంటికి పిలిచినది. వియ్యపురాలిలో మనము కోరదగిన గుణము ఇంతకంటె ఏమున్నది?

అదే ప్రశ్న మన గుమ్మము వద్దకు వచ్చినపుడు నాకు కష్టముగా ఉన్నది. అన్యమతపు పిల్ల మన ఇంటికి కోడలైనచో అష్టావరణములు గల ఇంటిలో ఆమె ప్రార్థనకు చోటు ఎచ్చట? దీక్ష ఇప్పింతుము అని మన పెద్దలు వెంటనే అందురు. ఆమె అడిగినచో సంతోషమే. అడుగకున్నచో? బలవంతముగా కట్టిన లింగము మెడకు బరువే గాని ప్రాణమునకు ఇష్టము కాదు. ఇష్టలింగమను పేరులోనే ఆ మాట ఉన్నది. మఠాధిపతులు ఈ విషయమున ఒక మాట స్పష్టముగా చెప్పిన బాగుండును. కుటుంబములు వారి వంక చూచుచున్నవి, వారు పండుగ సందేశములతో సరిపెట్టుచున్నారు.

గాజుల సాయిబు పోయి చాల ఏండ్లయినది. ఇప్పుడు చూలాలి గాజులు మచిలీపట్నము బజారులో డజనుల లెక్కన తెచ్చుకొనుచున్నాము. మొన్న మా మనుమరాలి సీమంతమునకు ఎవరో వచ్చి గాజులు తొడిగి వెళ్ళినారు. దీవించుమని వారిని ఎవరును అడుగలేదు.