దసరా పూట గని మైసమ్మ

చెరువు కట్ట తెగకుండా కాచే కట్ట మైసమ్మ తెలంగాణ పల్లెలకు కొత్త కాదు. బొగ్గు బాయి పడ్డ చోటికల్లా ఆ తల్లీ కదిలొచ్చింది. కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలోని గోలేటి, సింగరేణి బెల్లంపల్లి ఏరియాకు కేంద్రం. ఇక్కడనే కాదు, సింగరేణిలో ఏ గనికి పోయినా మైసమ్మ గుడి ఎదురవుతుంది. మస్టర్ పడి, క్యాప్‌ల్యాంపు కట్టుకున్న కార్మికుడు ఆమెకు దండం పెట్టుకునే షిఫ్టుకు దిగుతాడు.

దసరా వచ్చిందంటే ఆ దండమే పెద్ద పండుగ. ఆయుధపూజకు డంపర్లు, షవళ్లు, వర్క్‌షాపులో లేత్ మిషన్లు కడిగి పసుపు కుంకుమలు పెడతారు. మనిషిని మించిన డంపర్ టైరు కింద ఒక చిన్న నిమ్మకాయ. బంతిపూల దండ వేయాలంటే నిచ్చెన ఎక్కాల్సిందే. గుమ్మడికాయ పగులుతుంది, కొబ్బరికాయలు పగులుతాయి. మొక్కు ఉన్నవాళ్లు కోడినో యాటనో తెస్తారు.

అజ్ఞాతవాసానికి ముందు పాండవులు ఆయుధాలను జమ్మిచెట్టు మీద దాచిన కథ విరాటపర్వంలోది. వాళ్ల ఆయుధాలకు ఎదుట శత్రువు ఉన్నాడు. గని కార్మికుడి పనిముట్టుకు శత్రువెవరు? అది తగిలేది భూమాతకే. పొద్దున లేచి నేల మీద కాలు మోపేముందు క్షమించమని భూదేవికి మొక్కే సంప్రదాయం మనది. మరి ఆమె గుండెలో డ్రిల్లు దించి, మందు పేల్చేవాడు ఎంత వేడుకోవాలి! గనిలో జరిగే ఆయుధపూజలో నాకు విజయోత్సాహం కన్నా ఆ వేడుకోలే ఎక్కువగా కనిపిస్తుంది.

వేడుకున్నాక ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేయడమూ భక్తే. భూగర్భ గనుల్లో అనుభవమున్నవాళ్లు కప్పును కర్రతో తట్టి చెవి పెట్టి వింటారు. ఖంగుమంటే గట్టి బండ. బోలుగా పలికితే ఊడిపడేది. అమ్మవారి గుడిలో గంట ఎంత శ్రద్ధగా వింటామో, ఆ చప్పుడూ అంత శ్రద్ధగానే వినాలి. దిష్టి తీసిన డంపర్‌కైనా బ్రేకులు చూసుకోకుండా కదలకూడదు.

సాయంత్రం జమ్మికి పోయి, ఆకు తెచ్చి, బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కుతాం. గని ప్రమాదంలో మనిషిని పోగొట్టుకున్న ఇల్లు ఆ ఏడు పండుగ చేసుకోదు. కాలనీలో తోటి కార్మికులు ఆ ఇంటి పెద్దలను మరవకుండా పలకరించి రావాలి. ఆ కుటుంబానికి రావాల్సిన పైసలు, కొలువు సంగతి యూనియన్ వాళ్లను అడిగి కనుక్కోవాలి. మైసమ్మ దగ్గర కొట్టిన కొబ్బరికాయలో ఒక చిప్ప ఆ ఇంటికి చేరాలి.